బూంది ఎవరి పిల్లి?

ఏప్రిల్ 4, శుక్రవారం

ఉగాదికి పుట్టింటికి వెళ్ళిన కోడలు ప్రియదర్శిని ఇవాళ చీరాల నుంచి వచ్చింది. సారెతో పాటు ఒక పిల్లి కూడా వచ్చింది.

లడ్డూల డబ్బా, కజ్జికాయల డబ్బా, అరిసెల డబ్బా దించాక కారులోంచి ఒక ప్లాస్టిక్ బుట్ట దించారు. అందులో ఇంకేం మిఠాయి ఉందోనని నేనే ఆత్రంగా మూత తీశాను. లోపల్నుంచి రెండు కళ్ళు నన్ను చూశాయి. అమ్మో అని వెనక్కి పడబోతే మా వాడు వెంకటసాయి పట్టుకున్నాడు.

"దీని పేరు బూంది అత్తయ్యా. నేను లేకపోతే ముద్ద ముట్టట్లేదంట, అమ్మ తీసుకెళ్ళిపొమ్మంది. ఉండనిస్తారా?" అంది ప్రియ. తెల్లటి ఒంటి మీద పసుపు చుక్కలు. పేరు సరిగ్గానే పెట్టింది.

మా ఆయన కళ్ళజోడు సవరించుకుని, "సారెలో పిల్లిని పెట్టేవాళ్ళని నేనింతవరకు చూడలే" అన్నారు.

కొత్త కోడలు కదా, నేనేం అనలేదు. కానీ ఇది నాకోసం నేను రాసుకునేది కాబట్టి నిజం రాస్తాను. నాకు పిల్లులంటే పడదు. పైగా మాది దుకాణం ఉన్న ఇల్లు. మార్కాపురం బజారులో పచారీ సరుకులూ పూజాసామానూ మూలికలూ అమ్ముకునేవాళ్ళం. పిల్లి ఎదురొస్తే బోణీ కాదని మా మామగారు బతికున్నన్నాళ్ళూ చెప్పారు, ఇప్పుడు ఈయన చెప్తున్నారు.


ఏప్రిల్ 5, శనివారం

పొద్దున ఆయన దుకాణానికి బయల్దేరారు. పిల్లి అడ్డం వచ్చింది. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరారు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కుర్చీ, మళ్ళీ నీళ్ళు. ఆ తర్వాత పిల్లి రాలేదు గానీ తాగిన నీళ్ళకి బాత్రూంకి వెళ్ళాల్సి వచ్చింది. మా వాడు నవ్వు ఆపుకోలేక ముందే బండేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటి పెద్దగా ఆయన తీర్పు ఇచ్చారు. తను గడప దాటేదాకా పిల్లి వంటింట్లో, తలుపు వేసి ఉండాలి. కాపలా నాది.

ఏళ్ళ తరబడి కౌంటర్లో కూర్చున్నదాన్ని. నడుం నొప్పి వచ్చిందని పోయినేడు మా వాడు కంప్యూటర్ పెట్టి, "అమ్మా, ఇంక నువ్వు రెస్టు తీసుకో" అన్నాడు. ఆ రెస్టులో నాకు దొరికిన మొదటి ఉద్యోగం పిల్లి కాపలా.


ఏప్రిల్ 8, మంగళవారం

ఆ పిల్లి నన్ను బియ్యం బస్తా కింద జమకట్టింది. పక్కనుంచే పోతుంది, చూడదు. పోనీ, నాకేం? నేనూ చూడటం లేదు.

రోజంతా ప్రియ గదిలోనే ఉంటుంది. తలుపు అవతల్నుంచి ఆ పిల్ల దానితో మాట్లాడుతుంటే వినిపిస్తుంది. నాతో అంత మాట్లాడదు. "తిన్నారా అత్తయ్యా", "మాత్ర వేసుకున్నారా అత్తయ్యా", అంతే. మంచి పిల్లే. మగవాళ్ళిద్దరూ దుకాణానికి వెళ్ళాక ఆ గదిలో తను, ఈ గదిలో నేను.


ఏప్రిల్ 10, గురువారం

ఇవాళ ఒక విచిత్రం జరిగింది.

రేపటి తలంటుకి సాయంత్రం పెరట్లో మంచమ్మీద కూర్చుని తలకి నూనె పెట్టుకుంటున్నాను. ఈ నూనె నా సొంతం. నువ్వుల నూనెలో జటామాంసి, వట్టివేరు, కచ్చూరాలు, మెంతులు వేసి సన్నసెగ మీద కాచి, వడగట్టి సీసాలకి పోస్తాను. కంభం, గిద్దలూరు నుంచి కూడా అడిగి తీసుకుపోయేవాళ్ళున్నారు. ఆ వాసన ఇప్పటి ఆడపిల్లలకి నచ్చదంటాడు మా వాడు. నచ్చకపోతే మానెయ్యమను.

జడ విప్పి నూనె రుద్దుకుంటుంటే వెనకనుంచి ఏదో మెత్తగా తగిలింది. చూద్దును కదా, బూంది! మంచమెక్కి నా జుట్టులో ముక్కు పెట్టింది. వాసన చూసింది, నాకింది, గడ్డం వేసి అటూ ఇటూ రుద్దింది. ఆ తర్వాత వెల్లకిలా పడి ఒకటే దొర్లుడు. నోట్లోంచి చొంగ కూడా కారింది. గొంతులోంచి గ్రైండర్ తిరుగుతున్నట్టు చప్పుడు.

తోసేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తోశాను. మూడోసారి తొయ్యలేదు.

మనుషుల మనసు జంతువులకి తెలుస్తుందంటారు. ఏమో మరి.


ఏప్రిల్ 14, సోమవారం

ఇప్పుడు బూంది పడక నా దిండు మీదే. పొద్దున వంటింట్లో కాపలాకి కూడా పట్టుకురానక్కర్లేదు, నా వెనకే వస్తుంది. నా చేత్తో పెరుగన్నం పెడితే మెతుకు వదలకుండా తింది.

మధ్యాహ్నం ప్రియ తన గదిలోంచి పిలిచింది. "బూందీ, బూందులూ, రామ్మా." ఇది చెవి ఒకటి అటు తిప్పి మళ్ళీ నిద్రపోయింది. ప్రియ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీకు బాగా అలవాటైపోయిందే అత్తయ్యా" అంది.

"నేనేం పిలవలేదమ్మా. దానంతటదే వచ్చింది" అన్నాను. నా గొంతులో కొంచెం గర్వం ధ్వనించిందేమో. ప్రియ నవ్వి వెళ్ళిపోయింది. నవ్విందిలే, ఏమీ అనుకోలేదు.


ఏప్రిల్ 17, గురువారం

రాత్రి భోజనాల దగ్గర ఆయనకి చెప్పాను, ఇంట్లో ఇంతమంది ఉంటే అది నన్నే ఎంచుకుందని. "నీకు పిల్లులు పడవు కదా?" అన్నారు. కొన్ని మాటలు మగవాళ్ళు బాగా గుర్తుపెట్టుకుంటారు.


ఏప్రిల్ 22, మంగళవారం

ప్రియకి ఆన్‌లైన్లో పార్సిల్ వచ్చింది. చిన్న పొట్లంలో ఎండాకు పొడి, ఒక గుడ్డ ఎలక. మూలికలు అమ్మే ఇల్లు కదా, చేయి ఊరుకోదు, చిటికెడు తీసుకుని వాసన చూశాను. పాతబడిన ఎండు పుదీనాలా ఉంది.

"ఏందమ్మా ఇది?"

"క్యాట్‌నిప్ అత్తయ్యా. పుదీనా జాతి మొక్కేనంట, మన వైపు దొరకదు. పిల్లులకి భలే పిచ్చి ఇదంటే. మత్తులా ఉంటుంది గానీ హాని ఏం లేదంట." కాస్త ఆగి, "బూందితో ఆడుకుని చాలా రోజులైంది, అందుకని" అంది.

గుడ్డ ఎలక మీద పొడి చల్లి వరండాలో వేసింది. బూంది వచ్చి వాసన చూసింది, నాకింది, గడ్డం వేసి అటూ ఇటూ రుద్దింది. వెల్లకిలా పడి దొర్లింది. చొంగ కార్చింది. ప్రియ ఎన్ని రోజుల తర్వాతో పకపకా నవ్వింది. "చూడండత్తయ్యా, ఎలా చేస్తోందో!"

నేను చూస్తూనే ఉన్నాను. ఆ నాకుడు, ఆ రుద్దుడు, ఆ చొంగ, ఆ దొర్లుడు అన్నీ నేను ఎరిగినవే.

"ఎంతసేపు ఉంటుంది ఇట్ల?" అని అడిగాను.

"పది నిమిషాలేనంట. తర్వాత దాన్ని పట్టించుకోదు. కాసేపాగి ఇస్తే మళ్ళీ మొదలు."

అలాగే అయింది. కాసేపటికి లేచి ఒళ్ళు దులుపుకుని, ఎలకని వదిలేసి, ప్రియని వదిలేసి నా గదిలోకి పోయింది. నా దిండు మీదకి.


ఏప్రిల్ 23, బుధవారం

వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, వ్యాపారం చేసే ఇంట్లో మెట్టాను. మచ్చు చూడకుండా ఏ సరుకూ నమ్మను.

మగవాళ్ళు దుకాణానికి వెళ్ళాక, ప్రియ స్నానానికి వెళ్ళిన అదను చూసి, నూనెకి తెచ్చిపెట్టుకున్న దినుసులన్నీ తీశాను. బేరానికి వచ్చినవాళ్ళకి చూపించినట్టు పేపరు ముక్కల మీద చిటికెడు చిటికెడు పెట్టి బూందిని వదిలాను. మెంతులు చూడనే లేదు. కచ్చూరాల దగ్గర తుమ్మింది. వట్టివేరుని కాలితో ఒకసారి కదిపి వదిలేసింది. జటామాంసి దగ్గరికి వచ్చింది.

ఇంక రాయను. పేపరుతో సహా దొర్లింది.

అయితే అదన్నమాట. నా మనసు చూసి రాలేదు, నా జుట్టు చూసి వచ్చింది. ఇంత వయసు వచ్చి ఒక పిల్లి చేతిలో మోసపోయాను. దాని తప్పు కూడా ఏం లేదు. ఎందుకొచ్చావని అడక్కుండా అంతా నేనే ఊహించుకున్నాను.

బాధ కలిగింది. పిల్లి గురించి బాధేమిటని నవ్వుకున్నాను గానీ, కలిగింది.

ప్రియకి చెప్పాలి. చెప్తాను.


ఏప్రిల్ 24, గురువారం

నూనె పెట్టుకున్నాను. గురువారం కాబట్టి.


ఏప్రిల్ 26, శనివారం

నూనె పెట్టుకున్నాను. ఎండలు మండిపోతున్నాయి, తలలో వేడి. చలవ చేస్తుందని ఊరందరికీ అమ్మేదాన్ని, నేను పెట్టుకుంటే తప్పేముంది?

బూంది జుట్టులో ముక్కు పెట్టి చాలాసేపు ఉంది.


ఏప్రిల్ 27, ఆదివారం

"ఆదివారం పూట తలకి నూనేందే? మన ఇంట్లో ఎప్పుడన్నా ఉందా?" అన్నారు ఆయన.

"తలనొప్పి" అన్నాను.

తలనొప్పి ఏం లేదు.


ఏప్రిల్ 29, మంగళవారం

మధ్యాహ్నం పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తున్నాను. ప్రియ గది కిటికీ తెరిచే ఉంది. వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. వినాలని నిలబడలేదు. విన్నాక మాత్రం కదల్లేకపోయాను.

"అందరూ బానే చూసుకుంటారమ్మా. ఆయన కూడా. పొద్దున వెళ్తే రాత్రికొస్తారు, అంతే... లేదు, ఎవరూ ఏమీ అనరు. బూంది ఉందిలే, దానితో పొద్దుపోతుందనుకున్నా. అదీ ఇప్పుడు అత్తయ్యగారిదైపోయింది. నేను పిలిస్తే చెవి కూడా తిప్పట్లేదు... ఏడవట్లేదమ్మా. వచ్చే ఆదివారం నాన్నని పంపించు. దాన్ని తీసుకెళ్ళిపోమను. కళ్ళముందే పరాయిదైపోతుంటే చూడలేకపోతున్నా."

బట్టలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. చీరాల నుంచి ఈ ఊరికి వచ్చేటప్పుడు ఆ పిల్ల తనదంటూ తెచ్చుకున్నది అదొక్కటే. చీరలూ డబ్బాలూ వాళ్ళవాళ్ళు పెట్టినవి. దాన్ని నేను నూనె రాసి లాగేసుకున్నాను.


ఏప్రిల్ 30, బుధవారం

ఏం రాయాలో తోచడం లేదు. ఇవాళ కూడా పెట్టుకున్నాను. చెయ్యి అలవాటుగా సీసా మీదకి పోయింది అని రాద్దామనుకున్నాను. అలవాటు కాదు. రాత్రి దిండు ఖాళీగా ఉంటుందని భయం.


మే 2, శుక్రవారం

తలంటుకున్నాను. కుంకుడుకాయ రసంతో ఒకసారి, మళ్ళీ ఒకసారి. దిండు గలీబులు ఉడకబెట్టి ఉతికాను. దిండు మిద్దె మీద ఎండలో పడేశాను. మార్కాపురం ఎండకి ఏ వాసనా నిలవదు. నూనె సీసాలు, జటామాంసి డబ్బా దుకాణానికి పంపించేశాను. సొంతానికి వాడే సీసా ఒకటి మాత్రం అలమరలో పైఅరలో పెట్టాను, స్టూలు వేసుకుంటే గానీ అందకుండా.

సాయంత్రం బూంది వచ్చింది. నా తల వాసన చూసింది. ఎవరింటికో పొరపాటున వచ్చినట్టు మొహం పెట్టి వెళ్ళిపోయింది.

మంచిదే. నేను చెయ్యాలనుకున్నదే అది. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.


మే 4, ఆదివారం

చీరాల నుంచి ప్రియ వాళ్ళ నాన్న ఇవాళ రావాల్సింది. పెళ్ళిళ్ళ రోజులు, తీరిక దొరకలేదట, వచ్చే ఆదివారం వస్తానన్నారట. "బూందిని కొన్నాళ్ళు చీరాల పంపిద్దామనుకుంటున్నా అత్తయ్యా, ఇక్కడ ఎండకి తట్టుకోలేకపోతోంది" అంది ప్రియ నా మొహం చూడకుండా. నేను సరేనన్నాను. అబద్ధం ఆ పిల్లకి చేతకాదు.

నేను నూనె మానేస్తే బూంది తిరిగి ప్రియ దగ్గరికి పోతుందనుకున్నాను. పోలేదు. ఫ్రిజ్ మీద ఎక్కి పడుకుంటోంది. అన్నం పెట్టినప్పుడు దిగుతుంది, తింటుంది, ఎక్కుతుంది. దానికి మా ఇద్దరి మీదా పెద్ద అభిప్రాయం ఏం లేనట్టుంది.


మే 6, మంగళవారం

పొద్దున ఆయన బయల్దేరుతుంటే ఫ్రిజ్ మీంచి దూకి ఎదురొచ్చింది. నేను కాపలా మర్చిపోయాను. ఆయన ఆగి, దాన్ని చూసి, "నువ్వు పోతున్నావంట కదే" అని, నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు. నాకు ఆశ్చర్యం వేసింది.


మే 8, గురువారం

ఇది తీరిగ్గా రాసుకోవాలి.

సాయంత్రం పెరట్లో మంచం వేసుకుని ఊరికే కూర్చున్నాను. ప్రియ కాఫీ తెచ్చింది. ఇచ్చి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది.

"గురువారం కదా అత్తయ్యా, నూనె పెట్టుకోలేదేంటి?"

"మానేసినా."

"ఒంట్లో బాలేదా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "నాలుగైదు రోజుల్నుంచి ఇంట్లో ఆ వాసనే లేదు. మీరు ఊరెళ్ళిపోయినట్టుంది నాకు. గదిలో ఉన్నా ఆ వాసన వస్తే, అత్తయ్య వంటింట్లోకొచ్చారనో పెరట్లోకెళ్ళారనో తెలిసేది."

ఆ వాసనని ఆ పిల్ల ఓర్చుకుంటోందని అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంక ఆగలేకపోయాను.

"కూర్చోమ్మా. నీకొక మాట చెప్పాల. ఆ పిల్లి నా మీద ఇష్టంతో రాలే. నా నూనెలో జటామాంసి ఉంటుంది, దానికోసం వచ్చింది. నువ్వు తెప్పించినావే పొడి, దాని మాదిరే ఇది కూడా దానికి మత్తు. నువ్వా పొడి చల్లినరోజే నాకు తెలిసిపోయింది."

ప్రియ నన్నే చూసింది. "తెలిసీ పెట్టుకున్నారా?"

"తెలిసే పెట్టుకున్నా. ఆదివారం కూడా పెట్టుకున్నా. అది నీదమ్మా. నేనట్ల చెయ్యకూడదు. నువ్వు ఫోన్లో మీ అమ్మతో చెప్తా ఉంటే విన్నా. దాన్ని పంపించొద్దు. సీసా ఇస్తా, నువ్వు పెట్టుకో, నీ దగ్గరికే వస్తుంది."

ప్రియకి కోపం వచ్చిందనుకున్నాను, రావాలి కూడా. తల వంచుకుని చున్నీ కొస చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. చివరికి, "నేను కూడా చేశానత్తయ్యా" అంది.

"ఏం చేసినావు?"

"ఆ పొడి నా చున్నీకి రుద్దుకున్నా. దిండు కింద కూడా పోసుకున్నా. మీ గదిలోంచి వచ్చేస్తుందని."

"వచ్చిందా?"

"వచ్చింది. చున్నీ అంతా చొంగ చేసి, కాసేపు దొర్లి, మళ్ళీ మీ దిండు మీదకే పోయింది."

నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. నన్ను చూసి తనూ మొదలుపెట్టింది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఇద్దరం మంచం ఊగేలా నవ్వాం. బూంది ఎక్కడినుంచో వచ్చి చూసి, మాకేదో రోగం వచ్చిందనుకుని వెళ్ళిపోయింది.

నవ్వుతూ నవ్వుతూనే ప్రియ ఏడ్చింది. చీరాలలో ఈ వేళకి సముద్రం గాలి వస్తుందట. ఇక్కడ పొద్దుగూకినా గోడలు కాలుతూనే ఉంటాయట. అదైనా పర్లేదు గానీ మధ్యాహ్నాలు మాట్లాడటానికి ఎవరూ లేరట.

"నేను పక్క గదిలోనే ఉంటి కదమ్మా" అన్నాను.

"మీరు రెస్టు తీసుకుంటున్నారని ఆయన చెప్పారు, కదపొద్దన్నారు."

ఆ రెస్టు గురించి మా వాడికి రేపు గట్టిగా చెప్పాలి.

"నాకు రెస్టేందమ్మా. మాట్లాడేదానికి మనిషి లేకనే పిల్లిని పట్టుకుంటి" అన్నాను. ఆ మాట అనేదాకా నాకూ తెలియదు.

ప్రియ కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. స్టూలు లాగిన చప్పుడైంది. నా సీసాతో వచ్చి, మంచం ముందు నేల మీద నాకు వీపు పెట్టి కూర్చుని జడ విప్పుకుంది.

"నాక్కూడా పెట్టండత్తయ్యా."

"పిల్లి కోసమా?"

"కాదు" అంది.

మంచి ఒత్తు జుట్టు. పెళ్ళైన దగ్గర్నుంచి చూస్తున్నా, చేత్తో పట్టుకున్నది ఇవాళే. మాడు మీద నూనె పోసి, పాయలు తీసి కుదుళ్ళదాకా రుద్దాను. రుద్దుతూ కౌంటర్ కబుర్లు చెప్పాను. పూజసామాను కొనడానికి వచ్చి కొబ్బరికాయలు చెవి దగ్గర ఊపి ఊపి చివరికి ఒకటీ కొనకుండా పోయే పెద్దాయన సంగతి చెప్తే భుజాలు కదిలేలా నవ్వింది. ఆదివారం నాన్న వస్తే బూంది కోసం కాదు, భోజనానికి రమ్మంటానంది. తర్వాత మాటలు తగ్గాయి. ఊఁ అంది. ఇంకాసేపటికి ఊఁ కూడా లేదు. తల బరువుగా నా మోకాలి మీదకి వాలింది. నిద్రపోయింది.

దుకాణం కట్టేసి ఆయన వచ్చారు. "అన్నం..." అనబోతే నోటి మీద వేలు పెట్టి చూపించాను. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి పోయి, తనే వడ్డించుకున్నట్టున్నారు, గిన్నెలు మెల్లగా చప్పుడయ్యాయి. బూంది ఎక్కడుందో ఎవరం చూడలేదు.

కాలు తిమ్మిరెక్కింది. కదపలేదు.